చిత్రలహరి నైట్: కిటికీ పిల్లలు అదనం

2025 డిసెంబరు 31న బ్రిటన్‌లో ఎమ్‌టీవీ వారి పాటల ఛానెళ్ళు ఐదు మూతపడ్డాయి. లండన్ ఆ దెబ్బకి ఎలా తట్టుకుందో తెలీదు గానీ, హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపు మాత్రం తట్టుకోలేకపోయింది. లిఫ్టు ఆగి వారమైనా కిక్కురుమనని మహానుభావులు కూడా కొవ్వొత్తి బొమ్మలు పెట్టారు. ‘మన తరం గొంతు మూగబోయింది’ అని రాసిన పెద్దమనిషి, 1996లో ఎమ్‌టీవీ ఇండియా వచ్చిన కొత్తలో, ఇంట్లో ఆడపిల్లలున్నారని కేబులబ్బాయిని పిలిపించి ఆ ఛానెలు తీయించేసినవాడు. ఈ ఘనకార్యం ఆయనే ఎన్నోసార్లు చెప్పుకున్నాడు.

నాలుగు రోజులు ఏడ్చాక ఎవరికో సందేహం వచ్చింది. అసలు మనం ఎమ్‌టీవీ చూశామా? చూడలేదు. మరేం చూశాం? చిత్రలహరి!

దుఃఖం అటు మళ్ళింది. శుక్రవారం సాయంత్రం దూరదర్శన్, అరగంట కార్యక్రమం, ప్రకటనలు మింగగా మిగిలిన నాలుగైదు పాటలు, ఆఖరి పాటని చరణం మధ్యలో నరికేసి వార్తలకో మరోదానికో వెళ్ళిపోవడం. వారమంతా ఎండగట్టి అరగంట పాటలు విదిల్చిన ఆ పిసినారితనానికి ఇప్పుడు ‘నిరీక్షణలోని మాధుర్యం’ అని పేరు పెట్టారు. ఈ మాధుర్యాన్ని భావి తరాలకి అందించడం కోసం క్లబ్ హౌస్‌లో ‘చిత్రలహరి నైట్’ జరపాలని అసోసియేషన్ ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఈవెంటు మేనేజరు వచ్చాడు. పాతికేళ్ళు కూడా ఉండవు. దూరదర్శన్ చూడలేదు కానీ రీల్స్‌లో చదువుకున్నాడు.

“సార్, సిల్వర్ ప్యాకేజీలో షట్టర్ టీవీ, దాని మీద కుట్టుపని గుడ్డ, పక్కన స్టెబిలైజరు. గోల్డులో యాంటెన్నా, తిప్పే మనిషి, దాని మీద వాలే కాకి.”

“కాకి నిజందేనా?” అన్నాడు ట్రెజరరు.

“నిజం కాకి ప్లాటినంలో వస్తుంది సార్.”

ఏర్పాటు ఇది: షట్టర్ పెట్టెలో ఎల్‌ఈడీ తెర ఉంటుంది. పాటలు పెన్‌డ్రైవ్‌లోంచి వస్తాయి. యాంటెన్నాకి దేనితోనూ సంబంధం లేదు. మేడ మీద మనిషి యాంటెన్నా తిప్పినప్పుడల్లా కింద ల్యాప్‌టాప్ కుర్రాడు చుక్కలు పెంచాలి, తగ్గించాలి. ఇద్దరికీ పొంతన కుదరక రిహార్సల్‌లో పైవాడు ఇంకా చెయ్యి వెయ్యకముందే బొమ్మ అద్దంలా వచ్చేసింది. సెక్రటరీ కోపగించుకున్నాడు. “అంత సులభంగా వస్తే ఇంక చిత్రలహరి ఏంటండీ?” ఇద్దరికీ వాకీటాకీలు కొన్నారు. ఇప్పుడు “వచ్చిందా?” అని పైనుంచి వాకీటాకీలో అడుగుతాడు. “రాలేదు” అని కింద అందరూ కేకలు వేయాలి. ఆ కేకల బాధ్యత సి బ్లాకుకి అప్పగించారు.

తరవాత కరెంటు కోత. మూడో పాటలో పోవాలని తీర్మానం. కానీ మా జనరేటరు పది సెకన్లలో దానంతటదే అందుకుంటుంది. ఎలక్ట్రీషియన్ దండం పెట్టి, దాన్ని ఆపితే లిఫ్టులో మనుషులు ఇరుక్కుంటారన్నాడు. కాబట్టి ఫలానా టైముకి ఆకస్మికంగా కరెంటు పోతుందని వారం ముందు నోటీసు అంటించారు. ‘అంతరాయానికి చింతిస్తున్నాం’ బోర్డు హిందీలోనా తెలుగులోనా అన్నదాని మీద రెండు మీటింగులు జరిగాయి. ఇంకా జరుగుతున్నాయి.

యాంటెన్నా తిప్పడానికి బయటి మనిషెందుకని మా వాచ్‌మన్‌ని పిలిచారు. యాభై దాటినవాడు. ఒక్కసారే చూసి సరిగ్గా తిప్పాడు. ఎక్కడ నేర్చావని అడిగితే, “మా ఊర్ల దొర ఇంట్ల గదే పని సార్. తిప్పుడు నాది, సూసుడు ఆల్లది” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఒకాయన వీడియో తీసి ‘స్వచ్ఛమైన జ్ఞాపకం’ అని పెట్టాడు.

అప్పుడు మేనేజరు అసలు సరుకు బయటికి తీశాడు. “ప్లాటినంలో కిటికీ పిల్లలు కూడా ఉంటారు సార్. ఊచలు పట్టుకుని బయట్నుంచి చూసేవాళ్ళు. ఎనిమిది మందిని పెడతాం.”

“డబ్బు దండగ” అన్నాడు ట్రెజరరు. “మన వాచ్‌మన్ పిల్లలున్నారు, ఇస్త్రీ బండి వాళ్ళ పిల్లలున్నారు. క్లబ్ హౌస్ లోపలికి ఎలాగూ రానివ్వం కదా.”

ఇక నావల్ల కాదు. గ్రూపులో తిరిగే ప్రతి ఫార్వర్డులో మొదటి వాక్యం ఒకటే: ‘వీధి వీధంతా ఒక్క ఇంట్లో చేరి చూసేవాళ్ళం.’ ఏ వీధి? ఎవరు చేరారు? కుర్చీ ఎవరికి, చాప ఎవరికి, మెట్లు ఎవరికి, కిటికీ ఎవరికి అన్నది ఆ ఇంట్లోకి టీవీ రాకముందే తేలిపోయింది. పేట పిల్లలు గడప తొక్కితే నీళ్ళు చల్లి కడిగిన ఇళ్ళు అవి. గాలి ఆడటం లేదని పాట మధ్యలో కిటికీ రెక్కలు మూసేసిన చేతులు ఇప్పుడు కొవ్వొత్తి బొమ్మలు పెడుతున్నాయి. ఆ ఇంటి ఆడవాళ్ళన్నా చూశారా? పల్లవి వంటింటి గుమ్మంలో, చరణం పొయ్యి దగ్గర. పాటలు బావుండేవి, కాదనను. మీకు గుర్తున్న ఆ సుఖం మాత్రం కుర్చీది. సిగ్గులేకుండా ఇప్పుడు ఆ పిల్లల్నే మళ్ళీ కిటికీ దగ్గర నిలబెడతారా, అలంకారానికి?

ఇదే గ్రూపులో రాశాను. అమెరికాలో స్థిరపడ్డ ఓ ఫ్లాటు ఓనరు అర్ధరాత్రి సమాధానమిచ్చాడు: “మా దగ్గర ఎమ్‌టీవీలో ఇలాంటివి ఉండేవి కావు, సంగీతానికి భేదాల్లేవు.” బాబూ, 1981 ఆగస్టు 1న మొదలైన ఆ ఛానెల్లో మొదటి రెండేళ్ళు నల్లజాతి గాయకులు కనబడటమే గగనం. 1983లో ఇంగ్లిష్ రాక్ గాయకుడు డేవిడ్ బోవీ అక్కడికే ఇంటర్వ్యూకి వెళ్ళి, కెమెరా ముందే, ఇదేమిటని యాంకరు మార్క్ గుడ్‌మన్‌ని నిలదీశాడు. చిన్న ఊళ్ళవాళ్ళు ఆ మొహాలు చూసి భయపడతారన్నట్టుగా నీళ్ళు నమిలాడాయన. ఆ దేశంలో కిటికీ అవతల నిలబడ్డవాళ్ళలో మైకేల్ జాక్సన్ కూడా ఉన్నాడు.

అడ్మిన్ వెంటనే స్పందించాడు: ‘ఇది పండగ గ్రూపు. దయచేసి రాజకీయాలు వద్దు.’

నా అభ్యంతరాన్ని కమిటీ పూర్తిగా తోసిపుచ్చలేదు. మా కిటికీలకి ఊచలు లేవనీ, దోమల జాలీ వెనక పిల్లల మొహాలు ఫోటోల్లో సరిగా పడవనీ గుర్తించింది. ఊచల కిటికీని థర్మోకోల్‌తో చేయించాలని నిర్ణయమైంది. ఖర్చు మెయింటెనెన్సులోంచి. పిల్లలకి తలా ఒక సమోసా, కార్యక్రమం అయ్యాక, గేటు బయట.