గని పక్కన కనబడితే క్షేమంగా ఉన్నట్టేనా?

ఇండొనేషియాలోని మార్తాబె బంగారు గనిని వెనకేసుకొస్తూ ఒక పోస్టు కొన్నాళ్లుగా ఫోన్లలో తిరుగుతోంది. గనిని నడిపే అగిన్‌కోర్ట్ రిసోర్సెస్ కంపెనీ తపానులి ఒరాంగుటాన్లను కంటికి రెప్పలా కాపాడుతోందట. అందుకు చూపిన కారణాలు నాలుగు: గని అడవిలో ఆవగింజంత, దాని చుట్టుపక్కలే ఒరాంగుటాన్లు తిరుగుతున్నాయి, కొట్టేసిన చెట్లకు బదులు మొక్కలు నాటుతున్నారు, నిపుణుల కమిటీ ఉంది. చివర ఒక చురక: ఒంటి నిండా బంగారం వేసుకునే మనకు అడిగే అర్హత ఎక్కడిది?

పోస్టు తపానులి ఒరాంగుటాన్‌ను 'అరుదైన కోతి' అంది. కోతి కాదు, తోక లేని మహావానరం. ఉత్తర సుమత్రాలోని బతాంగ్ తోరు అడవిలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ఇది వేరే జాతి అని శాస్త్రవేత్తలు తేల్చిందే 2017లో. మిగిలినవి 800 లోపు.

ఆవగింజ లెక్క చూద్దాం. కంపెనీకి ఒప్పందం కింద దక్కిన ప్రాంతం 1,30,252 హెక్టార్లు. దానితో భాగిస్తే ఏ గొయ్యి అయినా చిన్నదిగానే కనిపిస్తుంది. భాగించవలసింది ఒరాంగుటాన్లకు మిగిలిన అడవితో. 1890ల నాటికి అవి తిరిగిన నేలలో ఇప్పుడు వాటికి మిగిలింది 5 శాతానికి మించదని 2021లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. అవి కొండజాతి జంతువులేమీ కావు. కింది అడవుల నుంచి తరిమితే కొండెక్కాయి. ఆ మిగిలిన అడవి కూడా మూడు ముక్కలు.

పైగా గొయ్యి గీత దగ్గరే నష్టం ఆగదు. రాయా అనే మగ ఒరాంగుటాన్ కథ వినండి. మనుషుల చేతిలో గాయపడి 2013లో చనిపోయింది. దాని పుర్రె, పళ్లు సుమత్రాలోని ఇతర ఒరాంగుటాన్లకు భిన్నంగా ఉండడమే కొత్త జాతిని గుర్తించడానికి దారి చూపింది. దెబ్బలు తిని చచ్చిన జంతువు ఎముకల మీద ఒక జాతికి పేరు పెట్టుకున్నాం. అడవి అంచు తెరుచుకున్న చోటల్లా అవి తోటల్లోకి దిగి దురియన్ పళ్లు తింటాయి, రైతులు తరుముతారు. ఆ అంచు గని వల్ల పెరిగినా రోడ్డు వల్ల పెరిగినా ఫలితం ఒకటే.

ఇక "గని పక్కనే తిరుగుతున్నాయి" అన్న మాట. పోస్టులో అందరినీ ఆకట్టుకున్నది ఇదే, నన్ను ఎక్కువగా చిరాకు పెట్టిందీ ఇదే. ఆడ ఒరాంగుటాన్ పెరిగి పెద్దయినా తల్లి తిరిగిన చోటికి దగ్గరలోనే ఉండిపోతుంది. చుట్టూ చెట్లు తరిగినా అంత తేలికగా వలస పోదు. రోడ్డు వెడల్పు పనుల్లో సగం ఇల్లు పోయినా మిగిలిన గదిలోనే వండుకుంటున్న కుటుంబాన్ని చూసి "వీళ్లకేం, హాయిగా ఉన్నారు" అంటామా? ఒరాంగుటాన్ రోజూ సాయంత్రం కొమ్మలు వంచి, ఆకులు పరిచి కొత్త గూడు కట్టుకుని పడుకుంటుంది. లెక్కలు తీసేవాళ్లు ప్రధానంగా ఆ గూళ్లనే లెక్కపెడతారు. ఒక్క ఫొటోతో ఏమీ తేలదు, ఏళ్ల తరబడి గూళ్ల లెక్క పెరుగుతోందో తరుగుతోందో కావాలి.

మొక్కలు నాటడం మంచిదే. కానీ సుమత్రా ఒరాంగుటాన్ తల్లి ఎనిమిది తొమ్మిదేళ్లకు ఒక బిడ్డను కంటుంది. ఏటా పెద్దవాటిలో నూటికి ఒకటి అదనంగా పోతే చాలు, తపానులి జాతి అంతరించే దారిలో పడుతుందని పరిశోధకుల అంచనా. మొత్తం 800 అనుకున్నా ఏడాదికి ఎనిమిది! ఈరోజు నాటిన మొక్క పళ్లు కాసి, గూడు మోసే మానయ్యేలోపు ఆ ఎనిమిది ఎన్నిసార్లు పోవాలి?

కమిటీ సంగతి క్లుప్తంగా: దానికి పని ఆపించే అధికారం ఉందా, నివేదికలు యథాతథంగా బయటపెడతారా అన్నది పోస్టు చెప్పదు. 2024లో నార్వే ప్రభుత్వ పెన్షన్ నిధి, ఈ గనికి పై యజమానులైన ఆస్ట్రా, జార్డిన్ మాథెసన్ కంపెనీలను తీవ్ర పర్యావరణ నష్టం కారణంగా తన పెట్టుబడుల జాబితా నుంచి తీసేసిన సంగతీ చెప్పదు.

కంపెనీ ఒక్కటే దోషి అనడం లేదు. అదే అడవిలో 510 మెగావాట్ల జలవిద్యుత్ ప్రాజెక్టు ఉంది, తోటలున్నాయి. 2025 నవంబరు చివర సెన్యార్ తుఫానుకు అక్కడ వరదలొచ్చి కొండచరియలు విరిగిపడ్డాయి. డిసెంబరులో ప్రభుత్వం బతాంగ్ తోరు నది పరీవాహకంలో పలు కంపెనీల పనులు ఆపించింది, ఈ గని పనులతో సహా. వరదకు గని కారణం కాదని కంపెనీ అంటోంది. అది విచారణలో తేలవలసిన విషయం.

బంగారం చురక నాకూ తగిలింది, మా ఇంట్లోనూ గొలుసులున్నాయి. కొనేవాళ్లకు అడిగే హక్కు లేకపోతే మరెవరికి ఉంటుంది? అందుకే ఈ పోస్టు పంపిన వారిని ఒకటే అడుగుతున్నాను: గని వ్యర్థాల నిల్వకు కొత్త కట్ట కోసం ఎంచుకున్న చోట ఎన్ని గూళ్లు లెక్కకొచ్చాయి?