500 కిలోహెర్ట్జ్ అని మాటిచ్చిన బక్ కన్వర్టర్ గారికి

అయ్యా,

వోల్టేజీ దించే చిప్పు తమరు, 12 వోల్టులు పుచ్చుకుని 3.3 ఇస్తానన్నారు, ఇస్తున్నారు. అక్కడ తమర్ని ఒక్క మాట అనను. నా గోలంతా స్విచింగ్ ఫ్రీక్వెన్సీ గురించే, అంటే తమ లోపలి స్విచ్ సెకనుకి ఎన్నిసార్లు ఆన్-ఆఫ్ అవుతుందో దాని గురించే. డేటాషీట్ మొదటి పేజీలో 500 కిలోహెర్ట్జ్ అని అంత లావు అక్షరాల్లో రాయించుకున్నారు కదా, మరి నా ఆసిలోస్కోప్‌లో 90 కనిపిస్తుందేంటి? కాసేపాగి చూస్తే 140.

ముందు ఫ్రీక్వెన్సీ సెట్ చేసే రెసిస్టర్ మీద పడ్డాను. ఒకటి తీసి ఇంకోటి, అది తీసి మరోటి, మూడోది మార్చేసరికి బోర్డు మీది రాగి ప్యాడ్ లేచొచ్చింది. పాపం దాని తప్పేం లేదు, 1 శాతం టాలరెన్స్ రెసిస్టర్ వల్ల ఫ్రీక్వెన్సీ కాస్త అటూ ఇటూ అవుతుంది గానీ ఐదో వంతుకి పడిపోదు, ఈ లెక్క నాకు ప్యాడ్ లేచాకే తట్టింది. తర్వాత తమ పక్కనుండే కాయిల్, అదే ఇండక్టర్ని తిట్టాను. ప్రోబ్‌కి వేలాడే పొడవాటి గ్రౌండ్ వైరు తీసేసి పొట్టి స్ప్రింగ్ పెట్టాను, రింగింగ్ (సిగ్నల్ అంచుల్లో వణుకు) తగ్గింది, అంకె మాత్రం మారలేదు.

తీరా చూస్తే బోర్డు మీద లోడే లేదు! ఒక్క ఎల్ఈడీ, అంతే. తమరికి పని లేదు గనక పీఎఫ్ఎం మోడ్‌లో, అంటే అవసరమైనప్పుడే పల్స్ కొట్టే పద్ధతిలో, కునుకు తీస్తున్నారు, అవుట్‌పుట్ కాస్త దిగినప్పుడు లేచి ఒక పల్స్ కొట్టి మళ్ళీ పడుకుంటున్నారు. ఒక ఆంపియర్ లోడ్ పెట్టగానే ఆఫీసర్ గదిలోకి వచ్చినట్టు టక్కున లేచి నిలబడ్డారు, 500. మోడ్ పిన్ మార్చి ఫోర్స్‌డ్ పీడబ్ల్యూఎంలో, అంటే ఎప్పుడూ ఒకే ఫ్రీక్వెన్సీలో నడిచే పద్ధతిలో, పెడితే ఖాళీగా ఉన్నా నిద్రపోరట, కానీ ఆ మెలకువకి అయ్యే కరెంటు మళ్ళీ నా బ్యాటరీ నుంచే.

మీ చుట్టాలూ తక్కువేం కాదు. 2 మెగాహెర్ట్జ్ దగ్గర 24 వోల్టుల్ని 1.2 చేయాలంటే స్విచ్ 25 నానోసెకన్లే ఆన్‌లో ఉండాలి. ఒకాయన కనీస ఆన్ టైమే 100. చేతకాదని చెప్పొచ్చుగా, చెప్పడు, చప్పుడు చేయకుండా పల్సులు ఎగ్గొడతాడు. ఇంకొకాయనకి 5 వోల్టులిచ్చి 3.3 అడిగితే ఒక పల్స్ లావుగా, ఒకటి సన్నగా కొట్టాడు, డ్యూటీ (స్విచ్ ఆన్‌లో ఉండే వంతు) సగం దాటింది, పల్సులు ఇలా తడబడకుండా ఆపే స్లోప్ కాంపెన్సేషన్ చాలలేదు. నేను పెట్టిన ఇండక్టర్ విలువ మరీ తక్కువట, ఈసారి మాత్రం దాన్ని తిట్టింది న్యాయమే.

ఆ మొదటి పేజీ అంకె పక్కన చిన్న చుక్క పెట్టి "లోడ్ ఉంటేనే" అని రాయించండి చాలు.

ఇట్లు,
లేచిపోయిన ప్యాడ్‌కి జంపర్ వైరు అతికిస్తున్న
తమ విధేయుడు