ఎన్5 పాసైతే జపాన్‌లో ఉద్యోగమా? ఏ లోకంలో ఉన్నారండీ!

బరంపురం నుంచి పర్లాకిమిడి దాకా మన తెలుగువాళ్ల గ్రూపులన్నిట్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. ‘ఇంట్లోనే 90 రోజుల్లో జపనీస్, ఎన్5 పాసైతే జపాన్‌లో ఉద్యోగం’ అని. ఎన్5 అంటే జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో అన్నిటికన్నా కింది మెట్టు, దాని పైది ఎన్4. మెసేజ్‌లో అయిదు పాయింట్లు, అడుగున ఓ ఫోన్ నంబరు. నేను జపనీస్ చదువుతున్నానని తెలిసిన పాపానికి మావయ్యలు, పిన్నులు అందరూ దాన్ని నాకే పంపుతున్నారు. ఇదిగో, అందరికీ కలిపి ఒకే జవాబు.

‘జపనీస్ వాక్యం తెలుగులాగే ఉంటుంది.’ ఇది నిజం, ఒప్పుకోవాల్సిందే. క్రియ చివరికొస్తుంది, విభక్తులు మాట వెనకే వస్తాయి. పైగా మెసేజ్ రాసినాయనకు తట్టని సుఖం ఇంకోటుంది. హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం మన చెవికి చిన్నప్పట్నుంచీ అలవాటే. జపనీస్‌లో 4వ తేదీ ‘యొక్క’, 8వ తేదీ ‘యోక’. ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకునేవాళ్లు ఇక్కడ తికమకపడతారు, మనకు ఇట్టే తేడా తెలుస్తుంది.

‘లిపి అక్కర్లేదు, తెలుగులో రాసుకుంటే చాలు.’ ప్రశ్నపత్రం కూడా తెలుగులో ఇస్తారా మరి? జపనీస్‌కి రెండు అక్షరమాలలు, హిరగాన 46, కతకాన 46. ఆపైన చైనా నుంచి వచ్చిన అక్షరాలు, కంజీలు, ఎన్5కే వంద దాకా కావాలి. కంజీ కింద గీత గీసి, దీన్నెలా చదవాలో చెప్పమనే ప్రశ్నలు పేపర్లోనే ఉంటాయి. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, హిందీ, ఇంగ్లిషు రాసే మన పిల్లలకు ఇంకో లిపి అంటే భయమా?

‘180కి 80 వస్తే పాస్, లిజనింగ్ వదిలేసినా పర్లేదు.’ మొదటి సగం నిజం, రెండో సగం పిల్లల్ని ముంచేది. వొకాబులరీ, గ్రామర్, రీడింగ్ కలిపి 120కి కనీసం 38, లిజనింగ్‌లో 60కి కనీసం 19 విడివిడిగా రావాలి. అక్కడ 110 తెచ్చుకుని ఇక్కడ 18 దగ్గర ఆగిపోతే ఫెయిలే. ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. ఉదాహరణకు, ఆడియోలో ఒకావిడ బుధవారం కలుద్దామంటుంది, అవతలాయన ఆరోజు పనుందంటాడు, గురువారం మాటొస్తుంది, చివరికి శుక్రవారం ఖాయమవుతుంది. బుధవారం వినపడగానే గడి నింపేశారో, ఆ మార్కు పోయినట్టే.

‘సర్టిఫికెట్ రెండేళ్లే చెల్లుతుంది, త్వరపడండి.’ అబద్ధం. దానికి గడువు లేదు. ఫలానా ఏడాది తర్వాతదే కావాలని ఏ కంపెనీయో కాలేజీయో అడిగితే అది వాళ్ల రూలు.

ఇక అసలు సంగతి. ‘ఎన్5 ఉంటే వీసా గ్యారంటీ, సీటు బ్లాక్ చెయ్యడానికి ముందు డబ్బు కట్టండి.’ అయ్యా, అది బస్సు సీటా, తువ్వాలు వేసి ఆపుకోడానికి? జపాన్ 2019 ఏప్రిల్‌లో, కొన్ని రంగాల్లో పనికి విదేశీయుల్ని తీసుకోడానికి ‘నిర్దిష్ట నైపుణ్య’ వీసా మొదలుపెట్టింది. దానిమీద మన దేశంతో 2021 జనవరిలో ఒప్పందం కుదిరింది. ఆ దారిలో వెళ్లాలన్నా భాషలో కనీసం ఎన్4 ఉండాలి, లేదా జపాన్ ప్రభుత్వ సాంస్కృతిక సంస్థ జపాన్ ఫౌండేషన్ కంప్యూటర్ మీద పెట్టే ఇంకో పరీక్ష పాసవ్వాలి. ఎన్5 చాలదు. పైగా ఏ రంగంలో పనికి వెళ్తారో ఆ రంగం స్కిల్ టెస్టు వేరే. వృద్ధుల సంరక్షణకైతే ఆ పనికి సంబంధించిన భాషా పరీక్ష ఇంకోటి. ఇవన్నీ దాటినా, ఈ వీసాలో రెండు రకాలుంటే, ముందు దొరికే మొదటి రకం మీద మామూలుగా మొత్తం అయిదేళ్లే ఉండనిస్తారు, పెళ్లాంపిల్లల్ని తీసుకెళ్లడానికి లేదు. ఈ ముక్క మెసేజ్‌లో ఎక్కడుందో చూపించండి, భూతద్దం నేనే తెస్తా.

ఆ ‘సీటు’ కోసం బంగారం తాకట్టు పెడదామా అని ఆలోచిస్తున్న ఇళ్లున్నాయి, నా కోపం అందుకే. ఎన్5 రాయండి, కోచింగ్ లేకుండానే రాయండి, అది మొదటి మెట్టు. జపాన్ ఫౌండేషన్ పాఠాలు ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఉన్నాయి, పరీక్ష సైట్లో నమూనా ప్రశ్నలున్నాయి. మనదేశంలో పరీక్ష జులైలో, డిసెంబరులో జరుగుతుంది. దరఖాస్తు గడువు మాత్రం నెలల ముందే అయిపోతుంది, అది చూసుకోండి.

ఇంకా ఆ నంబరు మీదే గురి ఉంటే, ఫోన్ చేసి మూడు ప్రశ్నలడగండి. ఏ రంగంలో పని? స్కిల్ టెస్టు ఎప్పుడు, ఎక్కడ? విదేశీ ఉద్యోగాలకు పంపే ఏజెన్సీలు నమోదయ్యే మన ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్లో మీ ఏజెన్సీ రిజిస్ట్రేషన్ నంబరెంత? జవాబు వస్తే దాన్ని కూడా నాకు ఫార్వర్డ్ చెయ్యండి.