నాలుక కింద మాత్ర ఇచ్చే కౌంటర్లోనే మిగతా మందులూ ఇవ్వండి

చెన్నైలో డ్రగ్స్ మానాలని వచ్చిన మనిషికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి కూడా ఉన్నాయనుకోండి. సర్కారు లెక్కలో అన్ని మందులూ ఉచితమే, కానీ తలో చోట. నల్లమందు రకం డ్రగ్స్‌కు బదులుగా నాలుక కింద ఇచ్చే బుప్రెనార్ఫిన్ మాత్ర ఓఎస్‌టీ (బదులు మందు చికిత్స) సెంటర్లో, హెచ్‌ఐవీ మందు ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) సెంటర్లో, హెపటైటిస్ సికి వాడే లివర్ మందు ఇంకో పెద్దాసుపత్రిలో. సెంట్రింగ్ పనికో, పారిశుద్ధ్య పనికో పోయే తెలుగువాళ్లు ఇన్ని క్యూల్లో నిలబడితే ఆ రోజు కూలీ గోవిందా. చివరికి ఏదో ఒకటి వదిలేస్తారు. ముందు వదిలేది లివర్ మందే, ఎందుకంటే హెపటైటిస్ సి ఏళ్ల తరబడి బయటపడదు. ఆపైన "పేషెంట్ రావడం లేదు" అని ఫైల్లో రాసి చేతులు దులుపుకుంటారు. ఇది అన్యాయం.

ఓఎస్‌టీ కౌంటర్లో జరిగేది గమనించండి. నర్సు మాత్రను పొడి చేసి నాలుక కింద వేస్తుంది. అది కరిగేదాకా కొన్ని నిమిషాలు మాట్లాడకుండా, మింగకుండా కూర్చోబెట్టి, నోరు తెరిపించి చూసి పంపుతుంది. రోజూ ఇదే పని. లివర్ ముదరని వాళ్లకు హెపటైటిస్ సి కోర్సు సోఫోస్బువిర్ 400 మిల్లీగ్రాములు, డక్లాటాస్విర్ 60 మిల్లీగ్రాములు, రోజుకొకసారి, 12 వారాలు. అంటే 84 రోజులు. ఎలాగూ రోజూ వస్తున్న మనిషికి, పొడి కరిగాక గ్లాసు నీళ్లతో ఆ రెండు మాత్రలు, హెచ్‌ఐవీకి టెనోఫోవిర్-లామివుడిన్-డోలుటెగ్రావిర్ కలిపిన ఒక్క మాత్ర అక్కడే మింగిస్తే ఏం పోయింది? ఈ మందులకు బుప్రెనార్ఫిన్‌తో పేచీ లేదు.

"ముందు సూది మానేసి రా, తర్వాత లివర్ సంగతి చూద్దాం" అనే డాక్టర్లు ఇంకా ఉన్నారు. ఇంజెక్షన్ వాడుతున్నంత మాత్రాన హెపటైటిస్ సి మందు ఆపాల్సిన పనిలేదు. మత్తు కోసం టాపెంటడాల్ అనే నొప్పి మాత్రను పొడి చేసి, ఒకే మూతలో నీళ్లు కలిపి నలుగురు లాగేచోట, సిరంజి ఎవరిది వారిదే అయినా ఆ నీళ్లు, ఆ దూది చాలు వైరస్ అంటుకోవడానికి. ఆ నలుగురిలో ఒకరికి నయమైతే మిగతా ముగ్గురికీ ముప్పు తగ్గుతుంది.

మందులు వేర్వేరు చేతుల్లో ఉంటే అసలు ప్రమాదం టీబీ వచ్చినప్పుడు. ఛాతీ డాక్టరు టీబీ మందు రిఫాంపిసిన్ మొదలుపెడతారు. అది బుప్రెనార్ఫిన్‌ను, అలాంటిదే అయిన మెథడోన్‌ను రక్తంలో తగ్గించేస్తుంది. ఆవులింతలు, ముక్కు కారడం, ఒళ్లు నొప్పులు మొదలవుతాయి. డోసు చాలడం లేదని ఓఎస్‌టీ వాళ్లకు తెలిసేలోపు మనిషి మళ్లీ సూది పట్టేస్తాడు. డోలుటెగ్రావిర్ కూడా అప్పుడు 12 గంటల తేడాతో ఇంకో 50 మిల్లీగ్రాములు వేసుకోవాలి. ఇక సోఫోస్బువిర్, డక్లాటాస్విర్‌లైతే రిఫాంపిసిన్ ఉండగా మొదలుపెట్టకూడదు. ఈ మూడు సంగతులూ ఒకే షీటు మీద ఉండాలి. మద్యం మాన్పించడానికి డైసల్ఫిరాం రాసేవాళ్లు కూడా ముందు లివర్ రిపోర్టు అడగాలి.

పరీక్షల్లో రెండు తప్పులు పదేపదే జరుగుతున్నాయి. హెపటైటిస్ సి యాంటీబాడీ కార్డు పాజిటివ్ వచ్చినంత మాత్రాన వైరస్ ఇప్పుడూ ఉందని కాదు, నయమైనవాళ్లకూ అలాగే వస్తుంది. రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్ పరీక్ష చూడాల్సిందే. కోర్సు అయ్యాక 12 వారాలకు మళ్లీ చూడాలి. రెండోది, హెపటైటిస్ బి చూడకుండా సి మందు మొదలుపెట్టడం. అణగి ఉన్న బి వైరస్ విజృంభించవచ్చు. హెచ్‌ఐవీ, బి రెండూ ఉన్నవాళ్లు టెనోఫోవిర్ హఠాత్తుగా ఆపేసినా లివర్ దెబ్బతింటుంది. బి లేనివాళ్లకు అదే కౌంటర్లో 0, 1, 6 నెలలకు టీకా వేయొచ్చు.

భాష సంగతి చిన్నదనుకోకండి. తమిళం అరకొరగా వచ్చినవాళ్లకు తెలుగు తెలిసిన వార్డుబాయ్‌ని పిలిచి హెచ్‌ఐవీ రిజల్టు చెప్పించడం నేరంతో సమానం. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఆ సంగతి గోప్యంగా ఉంచాలి, సమ్మతి లేకుండా పరీక్షే చేయకూడదు. తెలుగొచ్చిన కౌన్సిలర్ వారంలో రెండు రోజులైనా ఉండాలి. ట్రాన్స్ మహిళలను "ఏ క్యూ?" అని అందరిముందూ అడగడం ఆపి, హార్మోన్లు ఏం వాడుతున్నారో లోపల కూర్చోబెట్టి అడగాలి. డోలుటెగ్రావిర్ వేసుకుంటే హార్మోన్లు పనిచేయవన్న భయంతో మానేసేవాళ్లుంటారు. ఈస్ట్రోజెన్‌కు దానితో ఇబ్బంది లేదని ఎవరో ఒకరు చెప్పాలి కదా.

సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లకు రైలెక్కే ముందు ఒక కాగితం ఇవ్వండి: ఏ మందు, ఎంత డోసు, 84లో ఎన్నో రోజు, తర్వాతి రక్తపరీక్ష ఎప్పుడు. నెల్లూరులోనో శ్రీకాకుళంలోనో అది చూస్తే ఏ మందు ఎక్కడిదాకా వచ్చిందో తెలుస్తుంది. సందేహమొస్తే అడగడానికి 1097 హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ టోల్‌ఫ్రీ నంబరు కూడా దానిమీదే రాయండి.