టీచరమ్మ పాస్‌పోర్టుకు కాపలా ఎవరు?

పదో తరగతి పాసైతే చాలు, పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర, అంటే పనికోసం కొన్ని దేశాలకు వెళ్లాలంటే ప్రభుత్వ క్లియరెన్స్ కావాలన్న ముద్ర, పడదు. చదువుకున్నవాళ్లం, ఎవరి క్లియరెన్సూ అక్కర్లేదు అని గొప్పగా చెప్పుకుంటాం. ఇప్పుడు మన డిగ్రీ పిల్లల్ని దిక్కులేనివాళ్లను చేస్తున్నది ఆ మినహాయింపే అని నా వాదన.

తిరుపతి ఎస్వీయూలోనో మహిళా వర్సిటీలోనో పీజీ ముగించి, బీఈడీ చేతబట్టుకున్నవాళ్లు దుబాయ్, దోహా, మస్కట్ అంటున్నారు. అక్కడ స్కూళ్లు, ట్యూషన్ సెంటర్లు నడిపే కంపెనీలు పిలుస్తున్నాయి. వెళ్లడంలో తప్పేమీ లేదు. పొలం తాకట్టు పెట్టి ఎంఎస్‌కు పోవడం కన్నా నెల జీతానికి పోవడం నూరుపాళ్లు నయం. బెంగల్లా వెళ్లే దారి గురించే.

పీలేరు, కలికిరి, మదనపల్లె వైపు నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్ల సంగతి ఈ ప్రాంతంలో తెలియనిది ఎవరికి? చదువులేని ఆమెకు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కనీసం కాగితం మీదైనా అండగా ఉంది. ఈసీఆర్ పాస్‌పోర్టుతో గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కేంద్ర ప్రభుత్వ అధికారి క్లియరెన్స్ కావాలి. కాంట్రాక్టు కేంద్రం నడిపే ఈమైగ్రేట్ పోర్టల్‌లోకి ఎక్కాలి. ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి; ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటివాళ్లకు 10 లక్షలు వస్తాయి. విజిట్ వీసా మీద దొంగదారిన పంపే ఏజెంట్లు లేకపోలేదు. అయినా వాళ్లు ఎగ్గొట్టడానికైనా అక్కడ ఒక రూలంటూ ఉంది. బీఈడీ చేసిన అమ్మాయికి ఆ రూలే లేదు. ఆమె కాంట్రాక్టును ఏ ఆఫీసూ చూడదు.

ఈమధ్య తెలిసినవాళ్ల అమ్మాయికి వాట్సాప్‌లో వచ్చిన ఆఫర్ లెటర్ చదివాను. ఒకటిన్నర పేజీ. పైన రంగుల లోగో, కింద స్కాన్ చేసి అతికించిన సంతకం. ఉద్యోగం పేరు అకడమిక్ అడ్వైజర్. పని వివరాల్లో పాఠం చెప్పడం అనే ఊసే లేదు. తల్లిదండ్రులకు ఫోన్లు చేయాలి, నెలకు ఇన్ని అడ్మిషన్లు తేవాలి. బేసిక్ జీతం కొంచెమే, మిగతాదంతా టార్గెట్ అందుకుంటేనే. ఏడాదిలోపు మానేస్తే ట్రైనింగ్ ఖర్చు తిరిగి కట్టాలి; ఎంత కట్టాలో రాయలేదు. ముందు విజిట్ వీసా మీద రావాలి, వచ్చాక మారుస్తారట. ఇక్కడి ఏజెంటుకు అడ్వాన్సుగా రెండు లక్షలు. ఇంగ్లిష్‌లో పీజీ చేసిన పిల్ల, అందులో ప్రతి ముక్కా ఆమెకు అర్థమైంది. గట్టిగా అడిగితే ఆఫర్ పోతుందేమోనని టెన్షన్, అంతే.

ఆమెను రమ్మన్నది దుబాయ్‌కి. ఉద్యోగిని తెచ్చుకునే ఖర్చు కంపెనీయే పెట్టుకోవాలని, ఉద్యోగి దగ్గర నేరుగా గానీ పరోక్షంగా గానీ వసూలు చేయకూడదని యూఏఈ కార్మిక చట్టం చెబుతోంది. విజిట్ వీసా మీద పనిచేయడం అక్కడ నిషేధం. మన దగ్గర లైసెన్సున్న రిక్రూటింగ్ ఏజెంటు 30 వేల రూపాయలు, దానిమీద జీఎస్టీ తప్ప సర్వీస్ చార్జీ తీసుకోకూడదు. రెండు దేశాల రూల్సునూ ఆ ఒకటిన్నర పేజీ తుంగలో తొక్కింది. పట్టుకునే నాథుడు లేడు.

చదువుకున్నవాళ్ల కోసం ప్రభుత్వం ఏం చేయగలదు అంటారా? నర్సులకు చేసింది కదా! గల్ఫ్ నియామకాల పేరుతో నర్సుల దగ్గర ఏజెంట్లు లక్షలకు లక్షలు దండుకుంటున్నారన్న ఫిర్యాదులు వచ్చాక, 2015లో కేంద్రం ఈసీఆర్ ముద్ర లేకపోయినా ఆ దేశాలకు వెళ్లే నర్సులకు క్లియరెన్స్ తప్పనిసరి చేసింది. నియామకాలను ప్రభుత్వ ఏజెన్సీలకు అప్పజెప్పింది. నర్సుకు వర్తించిన న్యాయం టీచరుకు ఎందుకు వర్తించదు?

కాదనేవాళ్ల దగ్గరా ఒక ఉదాహరణ ఉంది. 2019 జనవరి 1 నుంచి ఈసీఆర్ లేనివాళ్లు కూడా ఆ 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లేముందు ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలని, లేకపోతే విమానం ఎక్కనివ్వబోమని విదేశాంగ శాఖ ప్రకటించింది. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు భగ్గుమన్నారు, అది అటకెక్కింది. ఇంకో ఆఫీసు, ఇంకో లంచం అన్న భయం ఉత్తదని నేననను. అందుకే ఎయిర్‌పోర్టులో పిల్లను ఆపమని నేను అడగడం లేదు. లైసెన్సు లేకుండా ఆమె దగ్గర డబ్బు తీసుకున్నవాణ్ని ఊళ్లోనే పట్టుకోమంటున్నా.

1983 చట్టం స్థానంలో కొత్తది తేవడానికి కేంద్రం 2025లో ముసాయిదా బిల్లు బయటపెట్టింది. టీచర్లను నర్సుల సరసన చేర్చమని మన ఎంపీలు గొంతెత్తాలి. అప్పటిదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. విదేశీ ఆఫర్ లెటర్లు చదివిపెట్టడానికి, ఏజెంటు లైసెన్సు ఈమైగ్రేట్‌లో ఉందో లేదో చూసి చెప్పడానికి ప్రతి వర్సిటీ ప్లేస్‌మెంట్ సెల్‌లో ఒక మనిషిని పెట్టవచ్చు. విదేశీ ఉద్యోగాల కోసం రాష్ట్రానికి ఓంక్యాప్ అనే సొంత సంస్థ ఉంది. దాని కౌంటర్ ఒకటి తిరుపతి క్యాంపస్‌లో తెరవడానికి అడ్డేమిటి?

ఇంతకీ రెండు లక్షలు అప్పుచేసి మరీ అలాంటి లెటర్ మీద సంతకం ఎందుకు పెడతారు? జవాబు కోసం దుబాయ్ దాకా పోనక్కర్లేదు. 2018 తర్వాత మళ్లీ పూర్తిస్థాయి డీఎస్సీ జరిగింది 2025లోనే, 16,347 పోస్టులకు. మధ్యలో ఏడేళ్లు బీఈడీ చేసినవాళ్లు ప్రైవేటు స్కూళ్లలో పడి ఉన్నారు. పొద్దున్నే బస్సు డ్యూటీ, సాయంత్రం స్టడీ అవర్. ఒరిజినల్ సర్టిఫికెట్లు యాజమాన్యం బీరువాలో. వేసవి వస్తే ఎండలో కరపత్రాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగి అడ్మిషన్లు తేవాలి. చాలాచోట్ల ఆ నెలల్లో జీతమే ఉండదు. ఆఫర్ లెటర్‌లో టార్గెట్ చూసి, బాండ్ చూసి ఆ అమ్మాయి ఉలిక్కిపడలేదంటే ఇక్కడే అలవాటైపోయింది కాబట్టి. టీచరును సేల్స్ మనిషిగా మార్చడం గల్ఫ్ కంపెనీలు కొత్తగా కనిపెట్టిందేమీ కాదు.

ఏజెంటును తిట్టుకునే తల్లిదండ్రులు వచ్చే జూన్‌లో ఫీజు కట్టే కౌంటర్ దగ్గర ఒక్క మాట అడగాలి: మీ టీచర్లకు ఏప్రిల్, మే జీతం ఇచ్చారా? వాళ్ల సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే ఉన్నాయా? నోటిమాట వద్దు, జవాబు రాసివ్వమనండి.