హాఫ్ టీ ఉంది, హాఫ్ మీల్స్ ఏది?

విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఒక టిఫిన్ హోటల్లో పోయిన నెల దోసె చెప్పి, ‘నూనె కాస్త తక్కువ వెయ్యమనండి’ అన్నాను. సర్వర్ కుర్రాడు లోపలికి కేకేశాడు: ‘ఒక దోసె, నూనె లేకుండా!’ పక్క బల్ల దగ్గర పెద్దాయన పూరీ తుంచడం ఆపి నా వైపు జాలిగా చూశాడు. ‘ఏటి బాబూ, సుగరా?’

షుగర్ లేదు. బరువు ఎక్కువుంది, అంతే. కానీ మన ఊళ్లలో బయట తక్కువ తినాలంటే ఏదో ఒక జబ్బు చూపించాలి. డాక్టరు వద్దన్నాడంటే వదిలేస్తారు. నాకే వద్దనిపించిందంటే మాత్రం ‘ఇంకొంచెం వేసుకోండి, ఏం కాదు’.

బరువు తగ్గాలనుకునేవాళ్లకు సలహాలకేం కొదవలేదు. ముందు నీళ్లు తాగు, మెల్లగా నములు, నోరు కట్టుకో. అన్నీ తప్పు తినేవాడి మీదకే నెట్టే మాటలు. నన్నడిగితే లోపం నాలుకలో లేదు, హోటల్ కొలతలో ఉంది. ఫుల్ మీల్స్ చూడండి. అన్నం బేసిన్ పట్టుకొచ్చిన మనిషికి ‘చాలు’ అనే మాట వినపడదు. ఆకు మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ల పక్కనుంచి ఇంకో గరిటెడు అన్నం జారవిడుస్తాడు. అది ఆయన మర్యాద. 100 గ్రాముల అన్నానికి దాదాపు 130 కేలరీలు. పప్పు, సాంబారు, పెరుగు విడతల్లో అరకిలో లోపలికి పోయిందనుకోండి, అన్నం ఒక్కటే 650. పొడిలోకి నెయ్యి, వేపుడు, అప్పడం లెక్క వేరే. నూనైనా నెయ్యైనా గ్రాముకి 9 కేలరీలు.

ప్రభుత్వం లెక్క అడగలేదా అంటే, అడిగింది. 2020 నాటి ఫుడ్ సేఫ్టీ నిబంధనల ప్రకారం 10 లేదా అంతకు మించి శాఖలున్న హోటళ్లు మెనూలో కేలరీలు వెయ్యాలి. అంటే పిజ్జాకి లెక్క ఉంది, మన పప్పన్నానికి లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద మహిళల్లో అధిక బరువున్నవాళ్లు 24 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం. వీళ్లంతా పిజ్జాలు తిని లావయ్యారా?

సగం ప్లేట్ పెడితే గిట్టదంటారు హోటల్ వాళ్లు. గ్యాసు, అద్దె, వంట మాస్టర్ జీతం సగం కావు కదా అంటారు. నిజమే. సగం ధరకి ఇమ్మని ఎవరడిగారు? వంద రూపాయల మీల్స్‌కి 70 తీసుకోండి, సంతోషంగా ఇస్తాం. హాఫ్ టీ, వన్ బై టూ, మినీ బిర్యానీ గిట్టుతున్నాయిగా! బోర్డు మీద ‘హాఫ్ మీల్స్’ అని ఒక్క లైను రాస్తే నాలాంటివాడు నోరు తెరిచి సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

అసలీ నిండు పళ్లెం ఎవరి కోసం పుట్టింది? కోర్టు వాయిదాకో, కలెక్టరాఫీసు పనికో పల్లె నుంచి పొద్దున్నే బయల్దేరి, ఒక్క పూట తిని, చీకటి పడ్డాక ఇల్లు చేరేవాళ్ల కోసం. ఒకప్పుడు రంగూన్ దాకా, ఇప్పుడు హైదరాబాద్, చెన్నైలకి పని కోసం వలసపోతున్న నేల ఇది. ఇక్కడ కొసరి వడ్డించడం వెనక ఆకలి జ్ఞాపకం ఉంది, దాన్ని నేను ఎగతాళి చెయ్యను. కానీ ఇవాళ ఆ బల్ల దగ్గర కూర్చుంటున్నది బండి మీద వచ్చి బండి మీద వెళ్లే బ్యాంకు గుమస్తా, టీచరు, నేను. పైగా పొలంలో ఒళ్లు వంచినవాళ్లు ఇంట్లో తాగింది చోడి అంబలి (చోళ్లంటే రాగులే), నంజుకున్నది ఉల్లిపాయ. వాళ్ల ఆకలి కొలత అట్టేపెట్టుకుని, వాళ్ల తిండిని మాత్రం ఎండాకాలం తోపుడు బళ్లకి వదిలేశాం.

ఆ చోళ్లే ఇప్పుడు ‘మిల్లెట్ స్పెషల్’ పేరుతో మెనూలోకి తిరిగొచ్చాయి. శ్రీకాకుళంలో ఒక ఏసీ హోటల్లో చోడి దోసె చెప్పాను. మామూలు దోసెకి రెట్టింపు ధర. మధ్యలో వెన్న ముద్ద కరుగుతోంది, అంచుల్లో నూనె మెరుస్తోంది. ‘ఆరోగ్యానికి చాలా మంచిదండీ’ అన్నాడు సర్వర్. సగం తిని, మిగతాది పార్సిల్ కట్టమన్నాను. ఆ సగానికి తోడు ఇంకో రెండు చట్నీ పొట్లాలు, ఒక సాంబారు ప్యాకెట్ వేసి చేతికిచ్చాడు.