కోపం కబడ్డీ బరిలో కక్కేస్తే తగ్గదు

పర్లాకిమిడిలో మా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఏరు దాటి పాతపట్నం చుట్టాల దగ్గర్నుంచీ అదే వచ్చింది. "కోపం కుక్కర్‌లో ఆవిరి లాంటిది. కుర్రాడు ఆటలో దాన్ని కక్కేస్తే ఇంటికి చల్లగా వస్తాడు. కోపం రక్తంలో ఉంటుంది, ఎవరూ నేర్పేది కాదు. అది లేనివాడు గెలవడు." ఏళ్ళ తరబడి సాయంత్రాలు పిల్లల చేత కబడ్డీ ఆడిస్తున్నాను. దీన్ని చూస్తూ ఊరుకోలేను.

ఆవిరి మాట కొత్తది కాదు. ఆటలు దూకుడుకి ప్రమాదం లేని దారి అని జంతువుల ప్రవర్తన చదివిన శాస్త్రవేత్త కోన్రాడ్ లోరెంజ్ 1963లోనే రాశాడు. వినడానికి బాగుంది, పరీక్షకు నిలబడలేదు. 2002లో మనస్తత్వవేత్త బ్రాడ్ బుష్‌మన్ విద్యార్థులను తిట్టించి కోపం తెప్పించి, కొందరిని ఆ తిట్టినవాణ్ణే తలుచుకుంటూ పంచింగ్ బ్యాగ్ గుద్దమన్నాడు. కొందరిని ఊరికే కూర్చోబెట్టాడు. గుద్దినవాళ్ళకే కోపం ఎక్కువ మిగిలింది, ఎదుటివాణ్ణి బాధపెట్టే వీలు దొరికితే వాళ్ళే ఎక్కువ వాడుకున్నారు. చూసేవాళ్ళ సంగతీ అంతే. 1971లో గోల్డ్‌స్టీన్, ఆర్మ్స్ అనే ఇద్దరు పరిశోధకులు పరిశీలిస్తే, అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ అయ్యాక ప్రేక్షకుల్లో కసి పెరిగింది, గెలిచిన జట్టు అభిమానుల్లో కూడా.

ఇక రక్తం. పుట్టుకతో కొంత తేడా ఉంటుంది, కాదనను. కానీ అనుకున్నది అడ్డం తిరిగితే దూకుడు పుడుతుందని డొల్లార్డ్ అనే పరిశోధకుడి బృందం 1939లోనే చెప్పింది. ఆ చికాకు ప్రతిసారీ దెబ్బగా మారదు, చుట్టూ ఉన్నవి రెచ్చగొడితే మారుతుందని తర్వాత మనస్తత్వవేత్త బెర్కోవిట్జ్ సవరించాడు. మొన్న సంక్రాంతి ఆటల్లో అదే చూశాను. కూతకెళ్ళిన కుర్రాడు లైన్ తాకాననుకున్నాడు, అంపైర్ ఔటిచ్చాడు. బరి పక్కన కూర్చుని మట్టిని పిడికిట్లో నలుపుతున్నాడు. వెనక నుంచి ఒక పెద్దాయన, "వాడి కాలు విరగ్గొట్టరా!" అన్నాడు. మళ్ళీ లోపలికెళ్ళాక వీడు మొదట ఆయన వైపు చూశాడు, తర్వాతే ఎదుటి కుర్రాడి పక్కటెముకల్లో మోచెయ్యి పొడిచాడు. పెద్దవాళ్ళు బొమ్మను కొట్టడం చూసిన పిల్లలు తామూ అలాగే కొట్టారని 1961లో మనస్తత్వవేత్త బండూరా చూపించాడు. మన పిల్లలకు ఆ బొమ్మ కూడా అక్కర్లేదు, మన అరుపులు చాలు.

గెలుపు సంగతి ఒక్క మాటలో తేలుతుంది. చీలమండ గట్టిగా పట్టి లాగడం ఆట, గాయం చెయ్యాలని పొడవడం కోపం. కబడ్డీలో పసుపు కార్డు పడితే రెండు నిమిషాలు బయటే, జట్టులో ఒక మనిషి తక్కువ. 2006 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్లో ఫ్రాన్స్ కెప్టెన్ జిదాన్ ఎదుటి ఆటగాణ్ణి తలతో పొడిచి ఎర్ర కార్డుతో బయటికెళ్ళాడు, పెనాల్టీల్లో ఫ్రాన్స్ ఓడింది.

ఆ సంక్రాంతి తర్వాత ఔటైన పిల్లాణ్ణి ఖాళీగా కూర్చోనివ్వడం మానేశాను. స్కోరు రాయమంటాను, లేదా బిందె ఇచ్చి నీళ్ళకు పంపిస్తాను. అరిచే పెద్దాయన్ని మాత్రం ఆట ఆపి, అక్కణ్ణుంచి లేవమంటున్నాను.